పట్టణ ప్రణాళిక విద్య – ఎంపిక, ధన సహాయము

గ్రామ శివారులలోని పొలములు ఇండ్ల స్థలములుగా మారుచుండుట పంచాయతీ సభ్యులు నిత్యము చూచుచున్నదే. ముందు ఇండ్లు లేచును. తరువాత దారి కొరకు వెదకుకొందురు. వాననీరు వీధిలో నిలిచిన పిమ్మట గాని మురుగు కాలువ గుర్తుకు రాదు. అప్పటికి కాలువకు చోటు మిగిలి యుండదు. వీటినన్నింటిని ముందుగా ఆలోచించి, పటముపై గీచి, చట్టబద్ధముగా అమలు జరిపించుట నేర్పు విద్యయే పట్టణ ప్రణాళిక. పేరులో పట్టణమున్నను, పట్టణముగా మారుచున్న గ్రామమునకే దీని అవసరము హెచ్చు.

పట్టణ లక్షణములు కలిగియు పురపాలక సంఘము లేని ఊళ్ళను జనాభా లెక్కలలో 'జనగణన పట్టణములు' అందురు. దేశమున ఇట్టివి 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894 అయినవి. ఇక ప్రణాళికా నిపుణుల సంగతి చూతము. రాష్ట్రముల ప్రణాళికా శాఖలలో మంజూరైన నిపుణుల ఉద్యోగములు 3,945 మాత్రమే యనియు, వాటిలోను నూటికి 42 ఖాళీగా నున్నవనియు 2021లో నీతి ఆయోగ్ నివేదిక తెలిపినది. కనుక మన గ్రామముల యువతీ యువకులు ఈ విద్య నభ్యసించుట వారికిని, ఊరికిని మేలు.

ఎవరు చదువవచ్చును?

ఇది రెండేండ్ల స్నాతకోత్తర విద్య. ప్లానింగ్, ఆర్కిటెక్చర్, సివిల్ ఇంజనీరింగ్ పట్టభద్రులు ఇందు చేరవచ్చును. భూగోళ, అర్థ, సమాజ శాస్త్రములలో ఎం.ఏ. పూర్తిచేసిన వారికిని పలు విద్యాలయములు అవకాశ మిచ్చుచున్నవి. ఈ సంగతి తెలియక అవకాశము వదలుకొనువారు కలరు.

విద్యాలయమును ఎంచుకొనుట

విజయవాడలో 2008లో స్థాపితమైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయము మనకు చేరువలో నున్నవి. ఢిల్లీలోను, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లోను ఈ విద్య కలదు. ఎచ్చట చేరదలచినను మూడు సంగతులు విచారింపవలెను. మొదటిది, 1951లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్ ఆ చదువును గుర్తించినదా? రెండవది, పట్టణ, ప్రాంతీయ, రవాణా, గృహనిర్మాణ, పర్యావరణ శాఖలలో ఏది బోధింతురు? గ్రామములపై ఆసక్తి గలవారికి ప్రాంతీయ ప్రణాళిక తగినది. మూడవది, బోధన రుసుముతో పాటు వసతి, భోజనము, క్షేత్ర పర్యటనల వ్యయము ఎంత?

ధన సహాయము

గేట్ పరీక్షలో ఆర్కిటెక్చర్, ప్లానింగ్ విషయమునకు ప్రత్యేక పత్రము కలదు. గేట్ అర్హతతో చేరినవారికి, నిబంధనలకు లోబడి, నెలకు 12,400 రూపాయల విద్యార్థి వేతనము లభించును. ఇరువది నాలుగు నెలలకు ఇది 2,97,600 రూపాయలు. అయితే ప్రవేశమునాడు కట్టవలసిన సొమ్మును ముందుగానే సమకూర్చుకొనవలెను. వేతనము చేరిన తరువాతనే అందును.

కుటుంబ వార్షికాదాయము రెండున్నర లక్షలకు మించని షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనము కలదు. కేంద్ర మంత్రివర్గము 2024 నవంబరులో ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికైన విద్యాలయములలో చేరినవారు ఆస్తి తాకట్టు గాని, హామీదారు గాని లేకయే బ్యాంకు ఋణము పొందవచ్చును. ఆదాయము ఎనిమిది లక్షల లోపున్న కుటుంబములకు, పది లక్షల వరకు గల ఋణముపై, చదువుకాలమునను అటుపై కొంత గడువునను నూటికి మూడు చొప్పున వడ్డీ రాయితీ ఉండును. కావున చదువు కొరకు తొందరపడి పొలము అమ్ముట గాని, అధిక వడ్డీకి చేబదులు తెచ్చుట గాని తగదు.

పంచాయతీ చేయదగినది

ప్రవేశ ప్రకటనలను పంచాయతీ కార్యాలయములో అంటించుట, ఆదాయ, కుల ధ్రువపత్రములు సకాలములో లభించునట్లు తోడ్పడుట సభ్యులకు కష్టము కాదు. గడువు దాటిన పిమ్మట చేతికందిన పత్రము వలన ఏమి ప్రయోజనము?

మరియొక సూచన చేయుచున్నాము. ఈ విద్యార్థులు చివరి సంవత్సరమున ఒక ప్రాంతమును పరిశోధించి సిద్ధాంత వ్యాసము సమర్పింతురు. వారిని మన ఊరినే, మన మండలమునే ఎంచుకొనుడని కోరుడు. ఇంటింటి వివరములు, భూమి పటములు, వాననీరు పారు దారులు చూపుడు. చదువు ముగియునాటికి విద్యార్థికి పట్టము, పంచాయతీకి ఊరి పటము దక్కును. కాలువకు చోటు ఇండ్లు లేవకముందే గుర్తింపబడును.