ప్రాస కుదిరిందని రాజధాని అయిపోదు

పోటీ పరీక్షల నోట్సుల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక చిట్కా తిరుగుతోంది. రాష్ట్రం పేరుతో ఏ ఊరి పేరుకు ప్రాస కుదిరితే అదే రాజధాని అని! అది నమ్మి ఛత్తీస్‌గఢ్ రాజధాని చండీగఢ్ అని బబుల్ నింపి వస్తున్నారు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే సివిల్స్ ప్రిలిమ్స్ లాంటి పరీక్షలో ఇది ఎంత నష్టమో వేరే చెప్పాలా?

చండీగఢ్‌కూ ఛత్తీస్‌గఢ్‌కూ ఏ సంబంధమూ లేదు. పంజాబ్, హర్యానా రెండింటికీ రాజధాని చండీగఢ్. 1966 నవంబరు 1న హర్యానా ఏర్పడిన రోజునే అది కేంద్రపాలిత ప్రాంతమైంది. ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్ నుంచి విడిపోయింది 2000 నవంబరు 1న. దాని రాజధాని రాయ్‌పూర్.

'సరే, పూర్ అని ఉంటే రాజధాని' అని ఇంకో సూత్రం పట్టుకుంటారు. ఆప్షన్లలో రాయ్‌పూర్, బిలాస్‌పూర్, జబల్‌పూర్, నాగ్‌పూర్ ఇస్తే అప్పుడేం చేస్తారు? పేపరు తయారుచేసేవాళ్లకు ఈ ఊళ్ల మీద ఊరికే మోజు పుట్టదు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు బిలాస్‌పూర్‌లో ఉంది, మధ్యప్రదేశ్ హైకోర్టు ప్రధాన పీఠం జబల్‌పూర్‌లో ఉంది. మహారాష్ట్ర శాసనసభ శీతాకాల సమావేశాలు నాగ్‌పూర్‌లో జరుగుతాయి. రాజస్థాన్‌కు జైపూర్ రాజధాని, హైకోర్టు ప్రధాన పీఠం మాత్రం జోధ్‌పూర్‌లో. ఈ ఊళ్లన్నిటికీ ఏదో ఒక అధికార హోదా ఉంది కాబట్టే సగం తెలిసినవాడు వాటి దగ్గర తడబడతాడు.

పెద్ద నగరమే రాజధాని అన్నదీ చెల్లదు. అహ్మదాబాద్ ఉండగా గాంధీనగర్, ఇండోర్ ఉండగా భోపాల్ రాజధానులయ్యాయి. ఆంధ్రప్రదేశ్ తొలి రాజధాని కర్నూలు అనడమూ తప్పే. అది 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజధాని హైదరాబాద్. రాష్ట్ర విభజన తరవాత ఉమ్మడి రాజధానిగా హైదరాబాద్‌కు ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది.

ప్రాస అసలు పనికిరాదని మాత్రం అనలేను. జైపూర్, రాయ్‌పూర్, దిస్పూర్ కలిపి ఒక్క గుక్కలో చదివితే నోటికి నిలుస్తాయి. కాకపోతే ఏది ఏ రాష్ట్రానిదో ముందే తెలిసి ఉండాలి. అది తెలియాలంటే కారణం తెలియాలి. 1972లో మేఘాలయ పూర్తి రాష్ట్రమై షిల్లాంగ్ దాని రాజధాని అయింది. అంతకుముందు షిల్లాంగే అస్సాం రాజధాని. అది పోవడంతో అస్సాం ప్రభుత్వం గువాహటిలో భాగమైన దిస్పూర్‌కు మారింది. ఈ సంగతి ఒక్కసారి చదివినవాళ్లకు రెండు రాజధానులూ మళ్లీ తారుమారు కావు.

అందుకే పిల్లలకు పేర్లు వల్లె వేయించకండి. 2000 నవంబరులో పుట్టిన మూడు రాష్ట్రాలను, ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్‌లను, వరసగా మ్యాపు మీద వెతికించండి. ఏది దేని నుంచి విడిపోయిందో చెప్పించి, ఆ తరవాతే రాయ్‌పూర్, డెహ్రాడూన్, రాంచీ అడగండి. పరీక్ష హాల్లో పేరు ప్రాస కుదరడం తప్ప వేరే ఆధారం లేకపోతే ఆ బబుల్ నింపకుండా వదిలేయమని గట్టిగా చెప్పండి.