షట్‌డౌన్ కొట్టినా ల్యాప్‌టాప్ ఆగట్లేదా? ఫార్మాట్ చేయించే ముందు ఇవి చెక్ చేయండి!

కొత్త విండోస్‌కు అప్‌గ్రేడ్ అయ్యాక చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇది. స్క్రీన్ ఆఫ్ అవుతుంది కానీ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. లేదంటే ‘షట్టింగ్ డౌన్’ అంటూ గంటసేపు చుక్కలు తిరుగుతుంటాయి. కొన్నిసార్లు ఆగినట్టే ఆగి మళ్లీ దానంతట అదే ఆన్ అవుతుంది. షాపుకు తీసుకెళ్తే మొదట వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. కానీ చాలా సందర్భాల్లో అంత అవసరం ఉండదు. ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా సరిచేసుకునే మార్గాలున్నాయి. అవేంటో చూద్దాం..

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో పాత ల్యాప్‌టాప్‌లు వాడుతున్నవాళ్లు కూడా విండోస్ 11కు మారుతున్నారు. సిస్టమ్ కొత్తదైంది కానీ లోపలున్న డ్రైవర్లు, సెట్టింగ్స్ పాతవే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఆగిపోయిందనుకుని ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టేస్తే, లోపల అది నడుస్తూనే ఉంటుంది. గాలి ఆడదు, వేడెక్కుతుంది, పొద్దున తీసి చూస్తే బ్యాటరీ సున్నా. రోజూ ఇలాగే జరిగితే బ్యాటరీ జీవితకాలం కూడా తగ్గుతుంది.

ముందు లక్షణం చూడండి

‘షట్‌డౌన్ అవ్వట్లేదు’ అనేది ఒకే సమస్య కాదు. జ్వరం అన్నట్టే, కారణాలు వేరు, మందులు వేరు. మీ ల్యాప్‌టాప్ ఈ మూడింట్లో ఏం చేస్తుందో ముందు గమనించండి.

1. స్క్రీన్ నల్లగా మారుతుంది, కానీ పవర్ లైట్ వెలుగుతూ, ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది.
2. ‘షట్టింగ్ డౌన్’ దగ్గరే ఇరుక్కుపోతుంది.
3. పూర్తిగా ఆగి, కొన్ని సెకన్లలో మళ్లీ ఆన్ అవుతుంది.

అందరూ చేయాల్సిన మొదటి పరీక్ష

స్టార్ట్ మెనూ తెరిచి, పవర్ గుర్తుపై క్లిక్ చేయండి. కీబోర్డ్‌లో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని, అలాగే ‘షట్ డౌన్’పై క్లిక్ చేయండి. ఇప్పుడు ల్యాప్‌టాప్ పూర్తిగా ఆగిందా? అయితే దొంగ దాదాపు దొరికినట్టే. దాని పేరు ఫాస్ట్ స్టార్టప్.

విండోస్ 8 నుంచి వస్తున్న ఫీచర్ ఇది. మామూలుగా మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ మొత్తం ఆగిపోదు. మీరు తెరిచిన ప్రోగ్రామ్‌లను మూసేస్తుంది కానీ, సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌ను, డ్రైవర్ల స్థితిని అలాగే డిస్క్‌లో ఒక ఫైల్‌గా దాచుకుంటుంది. మర్నాడు ఆన్ చేయగానే ఆ ఫైల్‌ను చదువుకుని త్వరగా లేస్తుంది. అంటే మీరు షట్‌డౌన్ అనుకుంటున్నది నిజానికి సగం నిద్ర.

విచిత్రం ఏంటంటే, రీస్టార్ట్ మాత్రం అలా కాదు. రీస్టార్ట్ కొడితే సిస్టమ్ పూర్తిగా ఆగి, మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే చిన్నచిన్న సమస్యలు షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పోవు, రీస్టార్ట్ చేస్తే పోతాయి. నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూపై క్లిక్ చేసి ‘అప్ టైమ్’ చూడండి. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా అక్కడ రోజుల తరబడి లెక్క కనిపించొచ్చు.

అప్‌గ్రేడ్ తర్వాత పాత డ్రైవర్ ఒకటి ఈ సగం నిద్రకు సహకరించకపోతే, షట్‌డౌన్ మధ్యలోనే ఆగిపోతుంది.

ఫాస్ట్ స్టార్టప్ ఇలా ఆఫ్ చేయండి

కంట్రోల్ ప్యానెల్ తెరిచి, హార్డ్‌వేర్ అండ్ సౌండ్‌లోకి, అక్కడి నుంచి పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. ఎడమవైపు ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ అని ఉంటుంది. దానిపై క్లిక్ చేశాక పైన ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్’ నొక్కండి. ఇప్పుడు కింద ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ పక్కనున్న టిక్ తీసేసి, సేవ్ చేయండి. అసలు ఆ ఆప్షనే కనిపించకపోతే, సాధారణంగా మీ సిస్టమ్‌లో హైబర్నేషన్ ఆఫ్‌లో ఉందని అర్థం. అప్పుడు కారణం వేరే చోట వెతకాలి.

దీనివల్ల నష్టమేమీ లేదు. ఆన్ అవ్వడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పట్టొచ్చు. ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు.

ఫ్యాన్ ఆగట్లేదంటే.. డ్రైవర్ చూడాల్సిందే

2015లో విండోస్ 10 వచ్చిన కొత్తలో ఎంతోమందికి ఇదే అనుభవం. స్క్రీన్ ఆరిపోయేది, లైట్లు, ఫ్యాన్ మాత్రం ఆగేవి కావు. వాటిలో చాలా ల్యాప్‌టాప్‌లలో తేలిన కారణం ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్ అనే డ్రైవర్. పవర్ విషయాల్లో మదర్‌బోర్డుతో మాట్లాడే భాగం ఇది. విండోస్ తనంతట తాను వేసుకున్న కొత్త వెర్షన్ కొన్ని పాత మోడళ్లకు సరిపడలేదు. కంపెనీ ఇచ్చిన పాత వెర్షన్ వేసుకున్నాక సమస్య పోయింది. పదేళ్ల కిందటి ఆ పాఠం ఇప్పటికీ పనికొస్తుంది.

స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరవండి. సిస్టమ్ డివైజెస్‌లో ఆ పేరు వెతికి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కు వెళ్లండి. ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ బటన్ పనిచేస్తుంటే నొక్కండి. లేకపోతే మీ ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి, చిప్‌సెట్, మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్లను డౌన్‌లోడ్ చేసుకోండి. మోడల్ నంబర్ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్‌పై ఉంటుంది. ‘అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌తో’ అని ఊరించే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

‘షట్టింగ్ డౌన్’ దగ్గరే ఇరుక్కుంటే

సాధారణంగా ఏదో ఒక ప్రోగ్రామ్ గానీ, బయట తగిలించిన పరికరం గానీ అడ్డుపడుతుంటుంది. పెన్‌డ్రైవ్, ప్రింటర్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అన్నీ తీసేసి ఒకసారి షట్‌డౌన్ చేయండి. ఆగిందంటే ఒక్కొక్కటే తగిలించి చూస్తే కారణం ఏదో తేలిపోతుంది.

ఫలితం లేకపోతే క్లీన్ బూట్ చేయాలి. సెర్చ్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ అని టైప్ చేసి తెరవండి. సర్వీసెస్ ట్యాబ్‌లో ముందుగా ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’కు టిక్ పెట్టండి. ఇది మర్చిపోవద్దు, లేదంటే విండోస్‌కు అవసరమైన సర్వీసులు కూడా ఆగిపోతాయి. తర్వాత ‘డిజేబుల్ ఆల్’ నొక్కి రీస్టార్ట్ చేయండి. ఇప్పుడు షట్‌డౌన్ సరిగ్గా అయితే, తప్పు బయటి సాఫ్ట్‌వేర్‌దే. సగం సర్వీసులు ఆన్ చేసి ఒకసారి, మిగతా సగంతో ఒకసారి చూస్తూ పోతే అసలు కారణం బయటపడుతుంది. పాత యాంటీవైరస్ ఉంటే ముందు దాన్నే అనుమానించండి.

ఆగి మళ్లీ ఆన్ అవుతోందా?

ఇక్కడ మీ తప్పేమీ లేకపోవచ్చు. ‘అప్‌డేట్ అండ్ షట్ డౌన్’ నొక్కితే ఆగకుండా రీస్టార్ట్ అయ్యే లోపం విండోస్‌లో చాలాకాలం ఉంది. 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. 2026 జనవరి 13న వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత, విండోస్ 11 23హెచ్2 వెర్షన్‌లో సెక్యూర్ లాంచ్ ఆన్‌లో ఉన్న కొన్ని కంప్యూటర్లు షట్‌డౌన్ కొడితే రీస్టార్ట్ అయ్యాయి. నాలుగు రోజులకే, జనవరి 17న, దానికి ప్రత్యేక అప్‌డేట్ ఇచ్చారు. కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కు వెళ్లి, పెండింగ్ ఉన్నవన్నీ వేసుకోండి.

అప్పటికీ అలాగే ఉంటే, సిస్టమ్ ఆగే సమయంలో క్రాష్ అవుతుండొచ్చు. క్రాష్ అయితే ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ కావాలని విండోస్‌లో ముందే సెట్ చేసి ఉంటుంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసేయండి. తర్వాతిసారి ఎర్రర్ స్క్రీన్ అలాగే నిలబడుతుంది. దానిపై ఉన్న కోడ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మెకానిక్‌కు అదే పెద్ద క్లూ.

పవర్ బటన్ నొక్కి పట్టుకోవచ్చా?

గత్యంతరం లేనప్పుడు చేయొచ్చు. దాదాపు 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. కానీ సేవ్ చేయని ఫైల్స్ పోతాయి. రోజూ అదే అలవాటైతే సిస్టమ్ ఫైల్స్ పాడయ్యే ప్రమాదం ఉంది. ‘అప్‌డేట్స్ జరుగుతున్నాయి, ఆఫ్ చేయొద్దు’ అన్న మెసేజ్ కనిపిస్తున్నంతసేపు మాత్రం బటన్ ముట్టుకోవద్దు. ఛార్జర్ పెట్టి, ఓపిగ్గా వదిలేయండి. పాత హార్డ్ డిస్క్ అయితే గంటకు పైగా పట్టినా ఆశ్చర్యం లేదు.

ఏదీ కుదరకపోతే.. 10 రోజుల గడువు గుర్తుంచుకోండి

విండోస్ 11కు మారి 10 రోజులు దాటకపోతే, పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే అవకాశం ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, తర్వాత రికవరీ, అక్కడ ‘గో బ్యాక్’ నొక్కాలి. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు అలాగే ఉంటాయి. అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న యాప్‌లు మాత్రం పోతాయి. ఆ 10 రోజులు దాటితే పాత ఫైల్స్‌ను విండోస్ తొలగిస్తుంది, ఆ దారి మూసుకుపోతుంది. అందుకే సమస్య కనిపించిన రోజే పని మొదలుపెట్టడం మంచిది.

వెనక్కి వెళ్లినా, సర్వీస్ సెంటర్‌కు ఇచ్చినా ముందు బ్యాకప్ తీసుకోండి. పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్లు, ఆఫీసు ఫైల్స్ అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. బిట్‌లాకర్ లేదా డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది సేవ్ అయి ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి. అది లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా అందులోని డేటా తెరుచుకోదు.

ఈ ఒక్కటీ చేయొద్దు

ఇంటర్నెట్‌లో ‘ల్యాప్‌టాప్ హెల్ప్‌లైన్’ అని వెతికి, కనిపించిన నంబర్‌కు ఫోన్ చేయొద్దు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి బ్యాంక్ ఖాతాలు ఖాళీ చేసే ముఠాలు సరిగ్గా ఇలాంటి కంగారు కోసమే కాచుకుని ఉంటాయి. కంపెనీ నంబర్‌ను దాని అధికారిక వెబ్‌సైట్‌లో గానీ, బిల్లుపై గానీ చూసుకోండి. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ఇక ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి లైట్ ఆరిందా, ఫ్యాన్ చప్పుడు ఆగిందా చూసుకోండి. సమస్య తీరేదాకా షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టడమే సేఫ్.