పాడి సరకుల ఎగుమతి దిగుమతులు

గ్రామ పెద్దలారా!

హైదరాబాదు నగరమున, బేగంబజారు చెంత, ఉస్మాన్‌గంజ్ అను టోకు బజారు కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరిట వెలసిన గంజు అది. అట్టి గంజులలో ధర యెట్లు నిర్ణయమగునో సరకు తోలిన వారికెల్ల తెలియును. కొనువారికి నూఱు బస్తాలు కావలసియుండగా నూట అయిదు వచ్చినచో, మిగిలిన అయిదింటికే కాదు, నూట అయిదింటికిని ధర తగ్గును. తొంబదియైదే వచ్చినచో అన్నింటికిని ధర పెరుగును. పాడి సరకుల విదేశ వ్యాపారమును ఈ గంజు న్యాయముతోనే పరిశీలింపవలెను.

ఒక దేశము ఇతర దేశములకు అమ్మిన సరకుల వెలలో నుండి, తాను కొన్న సరకుల వెలను తీసివేయగా తేలునది వ్యాపారశేషము. అమ్మకము హెచ్చయిన అది అనుకూలము. కొనుబడి హెచ్చయిన ప్రతికూలము. పచ్చిపాలు నిలువవు గనుక సముద్రము దాటుట అరుదు. దాటునవి ముఖ్యముగా పాలపొడి, వెన్న, నెయ్యి. వెన్న తీసిన పాలు సుమారు 11 లీటర్లు ఎండించిన ఒక కిలో పొడి వచ్చును. కిలో నేతికి గేదెపాలు 14, 15 లీటర్లు పట్టును. కావున విదేశమునుండి ఒక టన్ను పొడి దిగినదనగా పదునొకండు వేల లీటర్ల పాలసారము రేవున దిగినదని యర్థము.

మనదేశమున 1950-51లో లభించిన పాలు 1 కోటి 70 లక్షల టన్నులు మాత్రమే. నగరములకు పాలు చాలక, విదేశములనుండి పొడి తెప్పించుచుండిరి. 1970లో 'ఆపరేషన్ ఫ్లడ్' అను క్షీరాభివృద్ధి పథకము ప్రారంభమయ్యెను. దానికి 1,26,000 టన్నుల పాలపొడియు, 42,000 టన్నుల వెన్ననూనెయు ఐరోపా దేశములు దానముగా ఇచ్చుటకు అంగీకరించెను. దానిని ఊరక పంచిపెట్టినచో ఆ దానమే మన పాడిరైతునకు ఉరియై యుండెడిది. అట్లు చేయక, దానిని పాలుగా కలిపి బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరములందు అమ్మి, వచ్చిన ధనమును గ్రామ పాల సంఘములను, పాలకేంద్రములను నెలకొల్పుటకు వినియోగించిరి. మన ప్రాంతమునందు ఆంధ్రప్రదేశ్ పాడి అభివృద్ధి సంస్థ 1974లో ఏర్పడెను. ఆ పథకము 1996లో ముగిసెను. పిమ్మట రెండేండ్లకు, 1998లో, పాల ఉత్పత్తియందు మనదేశము ప్రపంచమున ప్రథమస్థానము నందెను. 2023-24లో ఉత్పత్తి 23 కోట్ల 93 లక్షల టన్నులు.

అదే సంవత్సరము సుమారు 63,700 టన్నుల పాడి సరకులను, సుమారు 2,260 కోట్ల రూపాయల వెలకు, మనము విదేశములకు అమ్మితిమి. దిగుమతి అంతకంటె చాల తక్కువ. వ్యాపారశేషము అనుకూలమే. అయినను గర్వింపబనిలేదు. టన్ను సరకునకు పదునైదు టన్నుల పాలు పట్టినవనుకొన్నను, ఎగుమతియైనది మన పాలలో నూటికి అరవంతు కూడ కాదు.

ఇంత స్వల్పమైనదానితో మనకేమి పని యందురేమో! గంజు న్యాయము తలచుకొనుడు. 2011 ఫిబ్రవరిలో పట్టణములందు పాలధర మండుచుండగా ప్రభుత్వము పొడి ఎగుమతిని నిషేధించెను. 2012 జూనులో ఆ నిషేధమును తొలగించెను. 2018లో ప్రపంచమున పొడిధర పడిపోయి, మన డెయిరీలలో నిల్వలు పేరుకొనగా, పలు రాష్ట్రములలో రైతునకు ముట్టు ధరయు తగ్గెను. అప్పుడు ప్రభుత్వము ఎగుమతికి ప్రోత్సాహకము ఈయవలసివచ్చెను. కొలదిపాటి పొడి కదలిక ఊరి పాలకేంద్రము వఱకు తాకుట ఇట్టిది.

ఇందుచేతనే సుంకములకు ప్రాముఖ్యము కలిగినది. పూర్వపు అంతర్జాతీయ ఒడంబడికను అనుసరించి పాలపొడిపై సుంకము విధించు వీలు మనకు లేకుండెను. 1999-2000లో తిరిగి సంప్రదించి, ఏటా మొదటి 10,000 టన్నులకు నూటికి 15, అటుపైన నూటికి 60 చొప్పున విధించు హక్కు సంపాదించిరి. న్యూజీలాండు జనసంఖ్య అరకోటికి కొంచెము మించినదే యైనను, ఆ దేశము తన పాలలో నూటికి తొంబది పాళ్లకు పైగా విదేశములకే అమ్మును. ఆ దేశమును చేరిన తూర్పు దేశముల వ్యాపార ఒడంబడికలో 2019 నవంబరునందు మనము చేరకుండుటకు పాడిరైతుల క్షేమము ఒక ముఖ్య కారణము.

అయితే సుంకము చేనికి కంచె వంటిది. కంచె పంటను కాపాడునే గాని, పంటను పండింపదు. మన సరకు పరదేశమున నిలుచుటకు అడ్డములు మన పశువుల కొట్టములలోనే కలవు. గాలికుంటు వ్యాధి యున్న దేశమునుండి పాల సరకు కొనుటకు అనేక దేశములు జంకును. మందుల యవశేషములు పాలలో కనబడిన సరకును త్రోసిపుచ్చును. కావున పెద్దలైన మీరు మూడు పనులు చేయింపవలెను: ఊరి పశువులన్నింటికిని గాలికుంటు టీకాలు వేళకు వేయించుట; మందు వాడిన పశువు పాలను, వైద్యుడు చెప్పిన దినములు గడచువఱకు, కేంద్రమునకు పోయనీయకుండుట; పాలపాత్రలను శుభ్రముగా నుంచుట. పాలు సమృద్ధిగా నున్న కాలమున మిగులు సరకునకు పైదేశమున గిరాకి యున్ననే ఊరిలో ధర నిలుచును.