ఆటగాణ్ని చూడాలా... అతని దారిని చూడాలా?

"అమ్మా, నువ్వు ఆటగాణ్ని చూళ్లేదు. వాడి టైంటేబుల్ చూశావు!" ఫోన్లో మా అబ్బాయి నవ్వుతూ అన్న మాట ఇది. నాకు మాత్రం చురుక్కుమంది.

2023 ఆగస్టులో వాణ్ని ఆస్టిన్‌లో కాలేజీలో దింపి హ్యూస్టన్ వచ్చేశాం. ఆ తర్వాత ఫోన్ చేస్తే "తిన్నావా?" "ఆఁ." "నిద్రపోతున్నావా సరిగ్గా?" "ఆఁ." అంతే. మూడో మాట ఉండేది కాదు. ఓ రోజు వాడే చేశాడు. ఫ్రెండ్సంతా ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడుతున్నారట. ఒక్కో జట్టుకి ఇద్దరు. వీడి జోడీ మానేశాడు. "నువ్వు చేరతావా అమ్మా?" అన్నాడు. ఆట ఓనమాలు తెలియకపోయినా సరేనన్నా. ఎందుకన్నానో తల్లులకి వేరే చెప్పాలా!

ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఎన్‌ఎఫ్ఎల్‌లో 32 జట్లున్నాయి. ఒక్కో జట్టు 18 వారాల్లో 17 ఆటలాడి, ఒక వారం సెలవు తీసుకుంటుంది. సీజన్ మొదలయ్యే ముందు మనం వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవాలి. వాళ్లు నిజం మైదానంలో సాధించే గజాలకీ, టచ్‌డౌన్లకీ మన కాగితం జట్టుకి పాయింట్లొస్తాయి. మాది డబ్బు పందెం కాదు. ఓడినవాళ్లు బిర్యానీ తేవాలి.

బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచుకోవాల్సిన వంతు వచ్చింది. మా అబ్బాయి డాలస్ జట్టులోని డాక్ ప్రెస్కాట్ కావాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అప్పటికే నేను పుస్తకంలో లెక్కేసి పెట్టుకున్నా. డాలస్‌కి ఫిలడెల్ఫియాతో రెండుసార్లు, శాన్‌ఫ్రాన్సిస్కోతో, బఫెలోతో ఆటలున్నాయి. అన్నీ గట్టి జట్లే. అదే జాక్సన్‌విల్ జట్టులోని ట్రెవర్ లారెన్స్‌నైతే, 17 ఆటల్లో 11 ఆటలు అంతకుముందు ఏడాది గెలుపులకన్నా ఓటములే ఎక్కువున్న జట్లతో! వాటిలో మా హ్యూస్టన్ టెక్సన్స్ కూడా ఉంది. 2022లో అది గెలిచింది మూడంటే మూడే. "పిల్లాడికి ఈ ఏడాది నల్లేరు మీద నడకే" అని లారెన్స్‌నే తీసుకున్నాం. చివరి వారమైన 17వ వారం కరోలినాతో ఆట. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీత కూడా గీశా.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే... అలా అయింది నా లెక్క.

మూడో వారమే మా ఊరి జట్టు జాక్సన్‌విల్‌కి వెళ్లి 37-17తో వాళ్లని చిత్తుచేసింది. కొత్త కోచ్ డిమెకో రయన్స్, కొత్త క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్ వచ్చాక అది పాత జట్టు కానేకాదు. ఆ ఏడాది 10 ఆటలు గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. నేను బలహీనమని రాసుకున్న ఎనిమిది జట్లలో ఐదు ఆ సీజన్‌లో ఓటములకన్నా గెలుపులే ఎక్కువ సాధించాయి. నేను పోయినేటి మార్కులు చూసి ఈ ఏటి పరీక్షకి తయారయ్యానన్నమాట!

లారెన్స్ సీజన్ మొత్తంలో 21 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. కష్టమైన దారి అని నేను వద్దన్న ప్రెస్కాట్ విసిరినవి 36. ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా ఎక్కువ.

ఇంకో కిటుకు తర్వాత మా వాడు చెప్పాడు. ప్రత్యర్థి బలహీనమైతే జట్టు ముందే ఆధిక్యంలోకి వస్తుంది. అప్పుడు బంతి విసరడం తగ్గించి, పట్టుకుని పరిగెత్తడం పెంచుతారు. అలా సులువైన ఆటలో పరిగెత్తేవాడికి లాభం, విసిరేవాడికి పని తక్కువ!

మిగతా ఆటగాళ్ల పుణ్యమా అని ఎలాగో ఫైనల్‌కి చేరాం. 16వ వారం లారెన్స్ భుజానికి దెబ్బ తగిలింది. నేను ఎర్రగీత గీసిన 17వ వారం కరోలినా మీద జాక్సన్‌విల్ 26-0తో గెలిచింది. మా లారెన్స్ మాత్రం మైదానంలోకే దిగలేదు. బిర్యానీ మేమే చేశాం.

అలాగని షెడ్యూల్ అసలే చూడొద్దని కాదు. ప్రెస్కాట్ 15వ వారం బఫెలో వెళ్లి ఒక్క టచ్‌డౌన్ పాస్ కూడా లేకుండా తిరిగొచ్చాడు. డాలస్ 31-10తో ఓడింది. అతన్ని తీసుకున్నవాళ్లూ ఆ వారం తలపట్టుకునే ఉంటారు.

మీ ఇంట్లోనూ ఈ సరదా ఉంటే, నా అనుభవంతో నాలుగు మాటలు:

* ముందు ఆటగాడి సత్తా, ఆరోగ్యం, జట్టులో అతనికి దక్కే పని చూడండి. ఇద్దరు సరిసమానంగా ఉన్నప్పుడే షెడ్యూల్‌ని తూకంలో వేయండి.

* చూస్తే మొదటి మూడు నాలుగు వారాలు చూడండి. దూరం వెళ్లేకొద్దీ ఆగస్టు లెక్కలు తప్పుతాయి.

* చాలా లీగుల్లో విజేత తేలేది 15, 16, 17 వారాల్లో. వాటి కోసం స్టార్‌ని వదులుకోవద్దు. నవంబరులో, ఆ ఏటి ఫలితాలు చూశాక, అదనపు ఆటగాళ్లను సర్దుకోండి.

* ఒకే స్థానంలో ఆడే మీ ఇద్దరికీ ఒకే వారం సెలవు రాకుండా చూసుకోండి.

ఇక మా వాడన్న మాట. అది అక్కడితో ఆగలేదు. "నా విషయంలోనూ అంతే కదమ్మా" అన్నాడు. నిజమే. మొదటి సెమిస్టర్‌లో వాడు కష్టమైన లెక్కల కోర్సు తీసుకుంటానంటే, "సులువైనవి తీసుకో నాన్నా, గ్రేడ్లు బాగుంటాయి" అని పట్టుబట్టింది నేనే. వాడెంత చేయగలడో అడగలేదు. దారిలో రాళ్లెన్నో లెక్కపెట్టా.

తర్వాతి సెమిస్టర్ ఆ కోర్సు తీసుకున్నాడు. నేను నోరెత్తలేదు. గ్రేడ్ గొప్పగా ఏం రాలేదు. కానీ ఆ సంగతి నేను అడక్కుండా, తనే ఫోన్ చేసి, గంటసేపు చెప్పాడు.