అద్దాల పెట్టె, అమ్మ గుండె

నెలలు నిండకుండా కాన్పు అయిందంటే మన ఇళ్ళల్లో మొదట వినిపించే మాట ఒకటుంది. "ఏడో నెల బిడ్డ దక్కుతుంది గాని, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అని. ఈ మాట ఎవరు పుట్టించారో గాని, ఇందులో నిజం లేదు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ.

మా మేనకోడలికి ఎనిమిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. బరువు కిలోన్నర. నర్సు బిడ్డను ఎత్తుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టింది. అంతే, తలుపు మూసుకుంది. తల్లి కింది అంతస్తులో, బిడ్డ పై అంతస్తులో. బయట బల్ల మీద మేము. మూడు రోజులు చూశాను. నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. మాట్లాడడమే నా వృత్తి. డాక్టరుగారిని ఆపి నాలుగు ప్రశ్నలు వేశాను. నాలుగో రోజున మా అమ్మాయిని లోపలికి రానిచ్చారు.

అదే బల్ల మీద మాతోపాటు ఒక ముసలమ్మ కూర్చునేది. ఆమె కోడలు కూలిపనికి పోయే మనిషి. ఆమె మనుమడూ అలాంటి పెట్టెలోనే ఉన్నాడు. "నీవూ అడగరాదూ?" అన్నాను. "పెద్ద డాక్టర్లను మాబోటి వాళ్ళం అడగొచ్చా బాబూ?" అంది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

దానికి జవాబు ఎక్కడో దక్షిణ అమెరికాలో దొరికింది. కొలంబియా రాజధాని బొగోటాలో బీదలకు కాన్పులు చేసే ఒక పెద్ద ఆస్పత్రి ఉండేది. 1978 ప్రాంతంలో అక్కడ పెట్టెలు చాలక ఒక్కొక్కదానిలో ఇద్దరు ముగ్గురు పసికందులను పడుకోబెట్టేవారు. ఒకరి జబ్బు మరొకరికి అంటుకునేది. తల్లులను దగ్గరకు రానివ్వకపోవడం వల్ల కొందరు బిడ్డలను అక్కడే వదిలి వెళ్ళిపోయేవారు. ఎడ్గార్ రే సనాబ్రియా అనే పిల్లల వైద్యుడు ఆలోచించాడు. బిడ్డకు కావలసింది వేడి, పాలు, కనిపెట్టి ఉండే కన్ను. ఈ మూడూ ఇవ్వగలిగిన మనిషి తలుపు బయటే ఉంది గదా! తల్లిని పిలిచి బిడ్డను ఆమె గుండెల మీద, ఒంటికి ఒళ్ళు తగిలేటట్టు నిలువుగా ఆనించి గుడ్డతో కట్టించాడు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టుగా ఉండడంతో దీనికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది. ఆయన సహచరుడు హెక్టర్ మార్టినెజ్ కూడా దీనికోసం పాటుపడ్డాడు.

చాలా కాలం పెద్ద ఆస్పత్రులవారు దీన్ని యంత్రం లేనివాళ్ళ వైద్యమనే అనుకున్నారు. బిడ్డ కొంత కుదుటపడ్డాకనే తల్లికి ఇచ్చేవారు. అసలు పుట్టగానే ఇస్తే ఏమవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యాన భారతదేశం, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలలో దీన్ని పరీక్షించారు. మన దేశంలో ఆ పరీక్ష జరిగింది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో. కిలోకు తగ్గకుండా, 1.8 కిలోల లోపు బరువున్న పిల్లలు 3,211 మంది. సగం మందిని మొదటినుంచీ రోజుకు సుమారు 17 గంటలు తల్లి గుండెల మీదనే ఉంచారు. తల్లి లేవలేకపోతే ఆమె కోరిన ఆడమనిషి ఎత్తుకుంది. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 28 రోజులలో పాత పద్ధతిలో నూటికి దాదాపు 16 మంది చనిపోతే, కొత్త పద్ధతిలో 12 మంది. అంటే 27 మందిని ఇలా చూసుకుంటే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుంది. ఇది తేలగానే, మిగిలిన పిల్లలకు దీన్ని దక్కకుండా చేయడం తగదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వీలైనంత త్వరగా మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని సలహా ఇచ్చింది.

అలాగని యంత్రాలూ మందులూ అక్కరలేదని కాదు. ఊపిరి అందని బిడ్డకు యంత్రం కావలసిందే. అయితే యంత్రానికి తల్లి అడ్డు కాదు, తోడు.

మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా 2017లో మార్గదర్శకాలు వెలువరించింది. పసికందుల వార్డులోకి తల్లిదండ్రులను రానిచ్చి, చేతులు కడుక్కోవడం, పాలు పట్టడం, ప్రమాద సూచనలు గుర్తించడం నేర్పించాలన్నది. ఒళ్ళు చల్లబడటం, పాలు తాగకపోవడం, రంగు నీలంగా మారడం, ఊపిరి ఎగపోయడం — ఇవి పోల్చుకోవడానికి డిగ్రీలు అక్కరలేదు. ఎవరైనా ఓపికగా ఒకసారి చూపితే చాలు.

కాని ఇక్కడే ఒక చిక్కుంది. తల్లి రోజంతా వార్డులో ఉండాలంటే ఆమెకు ఒక మంచం కావాలి, ఒక పూట అన్నం కావాలి. ఇంటి దగ్గర పెద్దపిల్లను చూసే వాళ్ళుండాలి. కూలి పోయినా పొయ్యి వెలగాలి. ఇవి లేకపోతే తల్లి గుండె వెచ్చదనం కూడా ఉన్నవాళ్ళకే దక్కే సరుకవుతుంది. మంచమూ అన్నమూ ఆస్పత్రి చూడాలి. మిగతాది ఇంటివాళ్ళు పంచుకోవాలి. తండ్రీ ఎత్తుకోవచ్చు, అమ్మమ్మా ఎత్తుకోవచ్చు. "చేతుల అలవాటు చేస్తే ఇక దిగదు" అనే పెద్దవాళ్ళు ఈ ఒక్క బిడ్డ విషయంలో కాస్త ఊరుకోవాలి.

ఐదో రోజున మా అమ్మాయి నర్సుతో చెప్పి ఆ కూలి కోడలిని కూడా పిలిపించింది. గుడ్డ ఎలా చుట్టాలో తానే చూపించింది. మధ్యాహ్నం కోడలికి నిద్ర ముంచుకొస్తే ముసలమ్మ చేతులు కడుక్కుని, రవిక గుండీలు విప్పి, మనుమణ్ణి గుండెలకు కట్టుకుంది. "అడగొచ్చన్నమాట" అంది నాతో, బయటికి వచ్చాక.

అడగవచ్చు. మీ ఇంట ఇటువంటి బిడ్డ పుడితే "తల్లిని ఎప్పుడు లోపలికి రానిస్తారు?" అని మొదటి రోజే అడగండి. జవాబు తెలిశాక, బల్ల మీద మీ పక్కన కూర్చున్న వారికి కూడా చెప్పండి.