పైసలు తీసుకున్నారు, జొన్నలు కట్టారు

రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. "సేద్యానికి మన సంగానికి పైసలు వస్తాయంటున్నారు. అవి ఊరికే ఇచ్చేవా, తిరిగి కట్టేవా? అయిపోతే మళ్ళీ ఎవరిని అడగాలి?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు జహీరాబాద్ దగ్గరి పల్లెల్లో దొరుకుతుంది. అక్కడి ఆడవాళ్ళు ఏం చేశారో చదవండి.

పడావు పడిన భూములు

జహీరాబాద్ అప్పట్లో మెదక్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడ 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పని మొదలుపెట్టింది. దాని తోడుతో ఊరూరా ఆడవాళ్ళు సంగాలు కట్టారు. వాళ్ళలో ఎక్కువమంది దళిత అక్కలు.

వాళ్ళలో చాలామందికి భూమి లేకపోలేదు. ఎకరమో, రెండెకరాలో ఉంది. కాని దాన్ని దున్నాలంటే ఎడ్లు కావాలి. ఎరువు తోలాలి. విత్తనం కొనాలి. కలుపు తీయించాలి. చేతిలో పైసలు లేవు. అందుకే భూమి పడావు పడింది. భూమి ఉన్నవాళ్ళే కూలికి పోయారు.

ఇటు రేషన్ దుకాణంలో తక్కువ ధరకు బియ్యం వచ్చాయి. ఆకలి కొంత తీరింది. కాని జొన్న వేసేవాళ్ళు తగ్గారు. జొన్న పోతే రొట్టె ఒక్కటే పోదు. పశువులకు సొప్ప పోతుంది. కలుపులో, కోతలో దొరికే కూలి పోతుంది.

పైసలు ఎట్ల వచ్చాయి?

1990ల నడుమ సంగాలు, సంస్థ కలిసి ఒక ఆలోచన చేశాయి. మన రేషన్ మనమే పండించుకోవాలి. మన ఊళ్ళోనే దాచుకోవాలి. మనమే పంచుకోవాలి. దీనికి కేంద్ర ప్రభుత్వ గ్రామీణాభివృద్ధి శాఖ సాయం చేసింది. సుమారు 30 ఊళ్ళలో, 2,500 ఎకరాలకు పైగా పడావు భూమి సాగులోకి వచ్చింది.

ఎకరానికి ఇచ్చింది 3,000 రూపాయల లోపే. అదీ ఒక్కసారి చేతిలో పెట్టలేదు. విడతలు విడతలుగా ఇచ్చారు. దున్నిన తరువాత ఎరువుకు, విత్తిన తరువాత కలుపుకు పైసలు అందాయి. ఊరి ఆడవాళ్ళ కమిటీ చేన్లు తిరిగి చూసింది. పని జరిగిందా లేదా అన్నది వాళ్ళే చెప్పారు.

అప్పు జొన్నల్లో ఎందుకు?

ఈ పైసలు తిరిగి కట్టాలి. కాని పైసల్లో కాదు, జొన్నల్లో కట్టాలి. అదీ ఐదేండ్లలో, కొంచెం కొంచెంగా.

దీంట్లో తెలివి ఉంది. పంట ఇంటికి రాగానే అప్పు పైసల్లో కట్టమంటే ఏమవుతుంది? అందరూ ఒకేసారి అమ్ముతారు. ధర పడిపోతుంది. మనం చవకగా అమ్మి, నాలుగు నెలలకు అవే జొన్నలు ఎక్కువ ధరకు కొంటాం. గింజల్లో కడితే షావుకారు దగ్గరికి పోయే పని లేదు. గింజ ఊరు దాటదు.

అట్ల వచ్చిన జొన్నలు ఊళ్ళోనే నిల్వ చేశారు. పనులు దొరకని వానాకాలంలో బయటికి తీశారు. బజారు ధరకన్నా తక్కువకు పేద ఇండ్లకు ఇచ్చారు.

మరి పేదవాళ్ళు ఎవరు? ఆఫీసులో కూర్చున్నవాళ్ళు చెప్పలేదు. ఊరి జనం ఒక చోట చేరారు. నేల మీద ముగ్గుతో ఊరి పటం వేశారు. ఒక్కొక్క ఇంటినీ గుర్తు పెట్టారు. ఈ ఇంట్లో భూమి ఎంత? సంపాదించేవాళ్ళు ఎందరు? పిల్లవాణ్ణి జీతం పెట్టారా? అందరి ముందూ మాట్లాడుకున్నారు. ఎక్కువ పేద ఇంటికి ఎక్కువ జొన్నలు రాశారు.

జొన్నలు అమ్మగా వచ్చిన పైసలు బ్యాంకులో వేశారు. ఆ నిధి ఊరిదే. దానితో మరికొంత పడావు భూమి దున్నవచ్చు.

ఒక చేను, పది పంటలు

ఈ అక్కలు చేనంతా ఒకే పంట వేయరు. జొన్నతోపాటు కంది, పెసర, అనుములు, కొర్ర, నువ్వులు, పుంటికూర కలిపి వేస్తారు. పెసర రెండున్నర నెలల్లోపే చేతికి వస్తుంది. తరువాత జొన్న వస్తుంది. చివరికి కంది వస్తుంది. వాన ఒకసారి మోసం చేసినా అన్నీ పోవు.

కంది, పెసర వేర్లకు చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో కంటికి కనిపించని జీవులు ఉంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. పంట తీశాక మిగిలిన వేర్లు, రాలిన ఆకు నేలకే బలం. అంత మేరకు ఎరువు సంచి ఖర్చు తగ్గుతుంది.

ఒక పంట ఇంకో పంటకు తోడు, పశువు చేనుకు తోడు, చేను పశువుకు తోడు. ఇట్లాంటి సేద్యానికి 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోంగ్రెన్ అనే ఇద్దరు పర్మాకల్చర్ అని పేరు పెట్టారు. అంటే ఎప్పటికీ నిలిచే సేద్యం. పేరు కొత్తది. పనిలో చాలా భాగం మన అవ్వలకు తెలిసిందే.

విత్తనం కూడా ఈ అక్కలు కొనరు. బూడిద, వేపాకు కలిపి దాచుకుంటారు. సంగం దగ్గర విత్తనం బదులు తీసుకున్నవాళ్ళు, పంట వచ్చాక అంతకన్నా ఎక్కువ కొలిచి ఇస్తారు. ఈ సంగాల పనికి 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

లెక్క వేసి చూద్దాం

ఒక సంగానికి 20,000 రూపాయలు వచ్చాయనుకోండి. పది మందికి తలా 2,000 ఇచ్చారు. ఎవరూ తిరిగి కట్టలేదు. సాయం అందింది 10 మందికే. పైసలు అక్కడితో అయిపోయాయి.

అదే పంట తరువాత అందరూ కట్టారనుకోండి. రెండో ఏడు ఇంకో పది మందికి అందుతుంది. ఐదేండ్లలో 50 మందికి అందుతుంది. పైసలు అవే 20,000. వచ్చింది ఒక్కసారే. తిరిగింది ఐదుసార్లు.

మన సంగానికి పైసలు వస్తే

సంతకం పెట్టే ముందు ఈ మాటలు అడగండి.

1. ఇవి ఊరికే ఇచ్చేవా, తిరిగి కట్టేవా? వడ్డీ ఎంత?
2. ఎవరికి ముందు ఇవ్వాలి? అది అందరి ముందూ తేల్చారా?
3. బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర ఉంది? మొన్న ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది?
4. తీర్మానం పుస్తకంలో ఏం రాశారు? మనం అనుకున్నదే రాశారా?
5. వాన పడకపోతే గడువు పెంచుతారా? అది రాసి ఉందా?

ఇదివరకు ఎవరో చదివి చెప్తే మనం వేలిముద్ర వేసేవాళ్ళం. ఇప్పుడు చదవగలం. పుస్తకం మీ చేతికి తీసుకోండి. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదవండి. అర్థం కాకపోతే ఆపి అడగండి. అడగడం తప్పు కాదు. అడగకుండా సంతకం పెడితేనే నష్టం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మన ఊళ్ళో పడావు పడిన భూమి ఎంత? ఎందుకు పడింది?
2. మీ అమ్మ వేసిన పంటల్లో ఇప్పుడు కనిపించనివి ఏవి? పేర్లు రాయండి.
3. మన సంగంలో అప్పు గింజల్లో కట్టవచ్చా? కడితే ఎవరి ఇంట్లో దాచాలి? కొలిచేది ఎవరు?