కాలదోషము పట్టని వ్యాజ్యము

ప్రోనోటు వ్రాయించుకొన్నవారు మూడేండ్లు నిండకమునుపే దావా వేయవలెనని తొందరపడుట మన మెరిగినదే. గడువు దాటినచో దానికి కాలదోషము పట్టును. ఋణముల విషయమున ఈ నియమము సబబైనదే. అయితే ఒక ప్రభుత్వపు సైనికులు నిరాయుధులను కాల్చి చంపినపుడు, ఆ దోషమునకును ఇట్టి గడువు వర్తింపవలెనా? 2011లో హేగ్ నగర న్యాయస్థానము ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానమును పరిశీలింతము.

1945 ఆగస్టు 17న ఇండోనీషియా స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. ఒకప్పుడు మన మచిలీపట్టణమునను వర్తకము సాగించిన ఒలందావారు, అనగా డచ్చివారు, దానిని అంగీకరింపక సైన్యమును పంపిరి. 1949 డిసెంబరులో అధికారము నప్పగించువరకు పోరు సాగెను.

ఆ పోరునడుమ 1947 డిసెంబరు 9న డచ్చి సైనికులు పశ్చిమ జావాలోని రావగెడె గ్రామమును చుట్టుముట్టిరి. వారు వెదకినది లుకాస్ కుస్తార్యో అను పోరాట నాయకుని. ఆతడు దొరకలేదు, ఆతని జాడ ఎవరును చెప్పలేదు. అంతట గ్రామమందలి పురుషులను వరుసలుగా నిలిపి కాల్చివేసిరి. మృతులు 431 మందియని గ్రామస్థుల లెక్క. 150 మందియని డచ్చి ప్రభుత్వపు లెక్క. ఈ చర్య బుద్ధిపూర్వకమును నిర్దయమునైనదని 1948లో ఐక్యరాజ్యసమితి సంఘము తేల్చెను. అయినను ఏ సేనానియు బోనెక్కలేదు.

అరువది యేండ్లు దాటిన పిదప, కొందరు వితంతువులును, ఆ కాల్పులనుండి బ్రతికి బయటపడిన ఒక వృద్ధుడును డచ్చి ప్రభుత్వముపైననే వ్యాజ్యము వేసిరి. వారి పక్షమున వాదించినది లీస్బెత్ జెగ్‌ఫెల్డ్ అను న్యాయవాదిని. ఇది నష్టపరిహారమునకై వేసిన దావాయేగాని శిక్షకై నడచిన విచారణ కాదని మనము గుర్తింపవలెను. జరిగినది తప్పేయని ప్రభుత్వము ఒప్పుకొనెను. కాని గడువు దాటినదని వాదించెను.

2011 సెప్టెంబరు 14న న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చెను. నేరము మిక్కిలి ఘోరమైనది. ప్రభుత్వమునకు అది నాడే తెలియును. నష్టపడిన భార్యలు ఇంకను జీవించియున్నారు. ఇట్టి స్థితిలో గడువు చాటున దాగుట న్యాయము కాదని తీర్పు సారాంశము. ఆ తీర్పు వినుటకు కొలది నెలల ముందే ఆ వృద్ధుడు కన్నుమూసెను. ఆలస్యమునకు మూల్యము ఇదియే.

అదే సంవత్సరము డిసెంబరు 9న డచ్చి రాయబారి ఆ గ్రామమునకు వచ్చి క్షమాపణ చెప్పెను. ఒక్కొక్క వితంతువునకు 20,000 యూరోలు ముట్టెను. తరువాతి వ్యాజ్యములలో మృతుల సంతానమునకును దారి తెరువబడెను. 2020లో డచ్చి రాజు ఇండోనీషియాలో క్షమాపణ చెప్పెను. ఆ యుద్ధమున డచ్చి సైన్యము దారుణ హింసను విరివిగా సాగించినదని 2022లో పరిశోధకులు వెల్లడింపగా, ప్రధానమంత్రి మరల క్షమాపణ కోరెను.

ఈ ధనము పోయిన ప్రాణములకు వెల కాజాలదు. కాల్చినవారికి శిక్షయు పడలేదు. మరి వితంతువులు పొందినదేమి? తమ భర్తలను అన్యాయముగా చంపిరని, చంపినవారి దేశపు న్యాయస్థానమే వ్రాసియిచ్చిన మాట. కాలదోషము పట్టిన ప్రోనోటుపై సొమ్ము వసూలు కాకపోవచ్చును. అంతమాత్రమున ఋణము తీరినదని ఏ ధర్మాసనమును చెప్పదు. రావగెడె స్త్రీలు అరువదినాలుగేండ్లు నమ్మి నిలిచినది ఈ సత్యమునే.